లొకేషన్ లేని ఫోను

వాంతులు కడగడం గవర్రాజు ఉద్యోగంలో ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నదల్లా "రక్షణ బోటు డ్రైవరు, కాంట్రాక్టు పద్ధతిన" అని. అయినా ఆరేళ్ళపాటు ప్రతి ఆదివారం సాయంత్రం అతను బోటు అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, బ్లీచింగు చల్లి, ఎవరెవరివో బిర్యానీ మెతుకులూ బీరు నురగా చీపురుతో తోసేవాడు. అవి కక్కిన మహానుభావులు అప్పటికే ఒడ్డు మీద తడిబట్టలతో సెల్ఫీలు దిగుతుండేవారు. ఒక్కడైనా వెనక్కి వచ్చి "సారీ అన్నా" అన్న పాపాన పోలేదు. 

నా పేరు దేవకుమార్. మా విశాఖ బీచిల్లో షికారు బోట్లూ, తెడ్డేసుకునే కయాక్‌లూ పెరిగాక పెట్టిన సాగరసహాయ కేంద్రంలో ఫోను దగ్గర కూర్చుంటాను. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక కంప్యూటరు, ఒక వైర్‌లెస్ సెట్టు, కింద జెట్టీలో ఒకే ఒక్క బోటు. నాది గోపాలపట్నం. సముద్రం నాకు కిటికీలోంచి తెలిసినంతే తెలుసు. ఆదివారం డ్యూటీ పడితే చర్చి తప్పిపోతుందని మా ఆవిడ ప్రేమలీల సణుగుతుంది గానీ, ఈ ఊళ్ళో జనం మునిగేది ఆదివారాలే.

గవర్రాజు అలా కాదు. పుట్టింది పెదజాలరిపేటలో. పన్నెండో ఏట తండ్రితో తెప్ప ఎక్కాడు. తరవాత పదిహేనేళ్ళు ఫిషింగ్ హార్బరులో మరబోట్ల మీద పనిచేశాడు. వల లాగే మరలో పడి ఎడమచేతి రెండు వేళ్ళు పోయాక ఏ బోటువాడూ పిలవలేదు. ఆ మూడు వేళ్ళ చేత్తోనే మా బోటు చుక్కాని పట్టుకుని, అలల్లో దాన్ని నిలబెట్టే తీరు చూస్తే ముచ్చటేసేది. మాటలు తక్కువ మనిషి. ఎవరి బోటు దగ్గరికి వెళ్ళినా ముందు మూడే మూడు అడిగేవాడు. "నీరొత్తందా? ఎవలికైనా ఒంట్లో బాగోలేదా? లంగరుందా?" జవాబు విన్నాకే తాడు విసిరేవాడు.

నాకేమో నోరు ఊరుకోదు. లైఫ్ జాకెట్టు తలకింద దిండులా పెట్టుకుని కయాక్‌లో పడుకుని, నిద్రలేచేసరికి ఒడ్డు కనపడక ఏడ్చినవాణ్ణి ఒకసారి తీసుకొచ్చాడు. వాడు ఒడ్డు ఎక్కగానే అడిగిన మొదటి మాట, తన చెప్పులు కూడా తెచ్చారా అని. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇలాటోళ్ళ కోసం మనం ఎందుకెల్లాల బావా? పోతే పోనీ, దరిద్రం వదిలిపోద్ది" అన్నాను.

"అలగనకు బావా. ఆడెందుకెల్లేడో ఒడ్డుకొచ్చాక అడుగుదుం. నీటిలో ఉన్నోడు నీటిలో ఉన్నోడే. తాగినోడైతే మరి ములగడా ఏటి?" అన్నాడు గవర్రాజు, చీపురు ఆపకుండానే.

జూన్ నెలాఖరులో ఒక ఆదివారం. వేట నిషేధం ఎత్తేసి పది రోజులై ఉంటుంది. పడమటి గాలి ఉదయం నుంచీ నేల మీద నుంచి సముద్రంలోకి తోస్తోంది. అలాంటి గాలికి ఒడ్డు దగ్గర నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి. లోపలికి పోయినకొద్దీ సంగతి వేరు. ఇదంతా గవర్రాజు చెబితే తెలిసినదే.

మూడూ ఇరవైకి ఫోను మోగింది. మణికంఠ అట, అపార్ట్‌మెంట్లు కడతాడట, సొంత స్పీడుబోటు ఉందట. రుషికొండకి ఎదురుగా కిలోమీటరు దూరంలో ఇంజను ఆగిపోయింది. బోటులో ఎనిమిది మంది, పుట్టినరోజు పార్టీ. లొకేషన్ అప్పటికే పంపేశాడు. వెనక పాటలు మోగుతున్నాయి, ఎవరో కిలకిలా నవ్వుతున్నారు.

"త్వరగా పంపండయ్యా. ఆరింటికి మాకు డిన్నరుంది. ఎండకి కేకు కూడా కరిగిపోతోంది" అన్నాడు.

కేకు కరగడం ఏ రకం ఆపదలోకి వస్తుందో మా కంప్యూటరులో లేదు. ఈలోగా మా ఆఫీసరు సీతారామాంజనేయులు గారే ఫోను చేశారు. "మనకి కావలసినవాళ్ళు, వెంటనే లాక్కొచ్చెయ్యమను." గవర్రాజు ఒక ఈతగాణ్ణి ఎక్కించుకుని బయలుదేరాడు.

మూడూ నలభైకి ఇంకో ఫోను. గాలి హోరు, మధ్యమధ్య తెగిపోతున్న గొంతు.

"బాబూ, నాను కోటిని, జాలరిపేట. మా బావమరిది జగ్గయ్యా నానూ ఉన్నాం. ఇంజను పోనాది. గాలి లోనికి లాక్కెలిపోతంది. బోటుకి చీలికొచ్చి నీరొచ్చేత్తంది, తోడతన్నాం."

"ఎక్కడున్నారు? లొకేషన్ పంపు" అన్నాను.

"నాది బటన్ల ఫోను బాబూ. రాసుకో. సిమ్మాచలం కొండ వచ్చి కైలాసగిరి మీద కూకుంది. ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు యారాడ కొండెనక నించి ఇప్పుడిప్పుడే తొంగి సూత్తన్నాయి. అక్కడున్నాం."

నాకు చిరాకేసింది. "అలా కాదయ్యా, లాటిట్యూడు, లాంగిట్యూడు కావాలి."

"అయేటో నాకు తెల్దు బాబూ. కొండలు సెప్పేను కదా..." లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

కంప్యూటరులో ఫారం తెరిచాను. లొకేషన్ గడిలో అంకెలు పడితే తప్ప అది "అత్యవసరం" అన్న మాటని ఒప్పుకోదు. సింహాచలం కొండ అని కొడితే ఎర్రగీత పడింది. అందుకని "లొకేషన్ ఇవ్వలేదు" అన్నది నొక్కాను. కోటి ఫోను ఆపదల వరసలో అడుగుకి జారిపోయింది. ఆఫీసరుగారికి చెప్పాను. "ముందు మణికంఠ గారి బోటు తెమ్మను. ఈ వేటకెళ్ళేవాళ్ళకి ఇవన్నీ మామూలే, సాయంత్రానికి వాళ్ళే వచ్చేస్తారు" అన్నారు.

నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. వైర్‌లెస్‌లో గవర్రాజుకి ఆ సంగతి చెప్పింది కూడా ఏదో కబురు చెప్పినట్టు చెప్పాను. 

"ఆ కొండల మాట ఇంకోపాలి సెప్పు బావా" అన్నాడు.

చెప్పాను.

"పన్నెండు మైళ్ళు. తిన్నగా తూర్పు, కాస్త దచ్చినం. గొట్టాలు పూర్తిగా బయటికొచ్చేలోగా ఎల్లాలి. ఆ తరవాత కొండలు కనపడవు, ఆ మనుసులూ కనపడరు."

సముద్రం మీద మనిషి ఎక్కడున్నాడో వాళ్ళు అలాగే చెప్పుకుంటారట. ఒక కొండ మీదికి ఇంకో కొండ వచ్చిందంటే ఒక గీత. పక్క నుంచి ఇంకో గుర్తు కనపడిందంటే రెండో గీత. రెండూ కలిసిన చోట బోటు. కోటి నాకు చెప్పింది లొకేషనే. నేను దాన్ని లేదని రాశాను.

అప్పటికి గవర్రాజు మణికంఠ బోటు పక్కనే ఉన్నాడు. వైర్‌లెస్ బటను నొక్కే ఉంచాడు కాబట్టి అక్కడి మాటలన్నీ నాకు వినపడ్డాయి.

"నీరొత్తందా బాబూ?"

"లేదు. తాడు కట్టవయ్యా."

"ఎవలికైనా బాగోలేదా?"

"నాకు బాగోలేదు, నీ ప్రశ్నలు వినలేక" అన్నాడు మణికంఠ. అందరూ నవ్వారు.

"లంగరుందా?" ఉంది. ఈతగాడు వాళ్ళ బోటులోకి దిగి లంగరు దింపాడు. అది ఇసకలో పట్టిందో లేదో చూసుకుని తిరిగి మా బోటెక్కాడు. "జాకెట్లు తొడుక్కుని కూకోండి. అక్కడ బోటు ములిగిపోతంది, ఇద్దరున్నారు. ఎల్లొచ్చి మిమ్మల్ని తీసుకెల్తాను" అన్నాడు గవర్రాజు.

"ముందు మేం ఫోన్ చేశాం! మేమెవరో తెలుసా నీకు? ఆ చేపలవాళ్ళ కోసం మమ్మల్ని వదిలేసి పోతావా?" అని మణికంఠ అరుస్తుంటే, ఎవరో ఆడమనిషి "వీడియో తియ్యి, వీడియో తియ్యి" అంటోంది. ఇంజను మోతలో మిగతాది వినపడలేదు.

అప్పటికే కేంద్రానికి వచ్చేసిన ఆఫీసరుగారు నా చేతిలోంచి వైర్‌లెస్ లాక్కుని వెనక్కి రమ్మని నాలుగుసార్లు కేకలేశారు. "వత్తానండి, ఆలిద్దర్నీ ఎక్కించుకుని వత్తాను" అన్నది ఒక్కటే జవాబు.

ఐదుంబావుకి దొరికారు. బోటు అంచుల దాకా మునిగి ఉంది. జగ్గయ్య ఖాళీ డీజిల్ డబ్బాని కావలించుకుని తేలుతున్నాడు. అతని చొక్కా పట్టుకుని కోటి గంట నుంచీ ఈదుతున్నాడు. ఇద్దర్నీ పైకి లాగాక జగ్గయ్య ఉప్పునీళ్ళు కక్కాడు. గవర్రాజు ఒడ్డుకొచ్చాక అదీ కడిగాడు.

మణికంఠగారి బృందాన్ని నాలుగున్నరకే స్నేహితుడి బోటు వచ్చి తీసుకెళ్ళింది. డిన్నరు టైముకే అందింది. రాత్రికి వీడియో బయటికొచ్చింది, "నడిసముద్రంలో మహిళలను వదిలేసి పారిపోయిన రక్షణ సిబ్బంది" అని. ఆ నడిసముద్రం వెనకాల రోడ్డు మీద వాళ్ళ కార్లు కూడా కనపడుతున్నాయి. అయినా మూడు లక్షలమంది చూసి, అయ్యో అన్నారు. కింద రాసినవి చదివితే రోత పుట్టింది.

నాలుగోరోజు విచారణ. పై ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు అధికారులు, సీతారామాంజనేయులు గారు, మణికంఠ, నేను. గవర్రాజుని తలుపు దగ్గర నిలబెట్టారు. మణికంఠ కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు. కంప్యూటరులోని లాగ్‌బుక్ ప్రకారం మణికంఠది లొకేషన్ ఉన్న ఫోను, కోటిది లొకేషన్ లేని ఫోను. ఉన్నదాన్ని వదిలి లేనిదాని వెంట పోయాడు కాబట్టి తప్పు గవర్రాజుది. అంతా ఆ ఒక్క గడి మీదే ఆధారపడి ఉంది.

ఆ ఇద్దరు అధికారుల్లో పెద్దాయన నన్ను అడిగాడు. "ఆ మత్స్యకారుడు లొకేషన్ చెప్పాడా?"

చెప్పాడండి, నాకే అర్థం కాలేదు, గడిలో తప్పు రాసింది నేనే. ఇంతే అనవలసింది. గవర్రాజు నా వైపు చూడను కూడా లేదు, కిటికీ బయటికి చూస్తున్నాడు. ఆఫీసరుగారు మాత్రం నన్నే చూస్తున్నారు. నాదీ కాంట్రాక్టే.

"లాటిట్యూడు, లాంగిట్యూడు చెప్పలేదండి" అన్నాను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆ సాయంత్రమే గవర్రాజుని తీసేశారు.

రెండు వారాలు మొహం చాటేసి, ఆఖరికి జాలరిపేట వెళ్ళాను. అతను గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నేను నోరు తెరవకముందే "కూకో బావా, టీ తాగుదుం" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. క్షమించమని అడిగాను.

"నువ్వేటి సేత్తావు. నీకూ పిల్లలున్నారు కదా" అన్నాడు.

అతని భార్య కాసులమ్మ అలా వదల్లేదు. టీ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టింది. "మా పేటలో అందరూ మీ నెంబరు తీసేసేరు బాబూ. ఏటైనా అయితే ఈయనకే ఫోను సేత్తన్నారు. మొన్న అన్నదమ్ములిద్దర్ని మా తమ్ముడి బోటేసుకెళ్ళి తెచ్చేడు. మీకు కొండలు తెల్దు కదా, మీకెందుకు సేత్తారు?"

టీ అలాగే వదిలేసి లేచాను.

అక్టోబరులో మూడు నెలల నివేదిక తయారుచేశాం. షికారు బోట్ల ఫోన్లు నలభై ఒకటి. అందులో ముప్పై పైగా పెట్రోలు అయిపోయినవీ, తాళంచెవి నీళ్ళలో పడినవీ. అన్నిటికీ వెళ్ళాం, అన్నిటికీ లొకేషన్ ఉంది. మత్స్యకారుల ఫోన్లు సున్నా.

సీతారామాంజనేయులు గారు ఆ సున్నా చూసి మురిసిపోయారు. "చూశావా దేవకుమార్, మత్స్యకారుల్లో అవేర్‌నెస్ ఎంత పెరిగిందో! ఒక్కరు కూడా ప్రమాదంలో పడలేదు. ఇది మన కేంద్రం సాధించిన విజయం అని పైన పెద్దక్షరాల్లో కొట్టు."

కొట్టాను. నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.