సుగుణ ఆంటీ ఫోన్‌ను ఆపింది నేనే

రోజూ ఇక్కడ బైబిల్ వాక్యం తప్ప ఇంకేమీ పెట్టని నేను ఈ రోజు సొంతంగా రాస్తున్నాను. లోపల దాచుకుంటే అన్నం సహించడం లేదు.

నెట్ నెమ్మదిగా వస్తోందని పొద్దున మా అమ్మాయి చెప్పినట్టు వైఫై సెట్టింగ్స్ తెరిచాను. మా ఇంట్లో ఉన్నవి మూడు ఫోన్లు, అక్కడ నాలుగు కనిపించాయి. ఎవరో దొంగతనంగా వాడుతున్నారని కోపమొచ్చి నాలుగోదాన్ని బ్లాక్ చేశాను.

మధ్యాహ్నం కింది వాటాలో ఉండే సుగుణ ఆంటీ రెయిలింగ్ పట్టుకుని మెల్లగా పైకి వచ్చారు.

“బిడ్డా, పొద్దున్నుంచి నా ఫోన్ల ప్రార్థన వస్తలేదు. మీకు సుత గిట్లనే ఉందా?”

అప్పుడు గుర్తొచ్చింది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆవిడ మెట్టుగూడ చర్చికి రాలేకపోతుంటే, ఇంట్లోనే ప్రార్థన చూసుకోమని మా వైఫై పాస్‌వర్డ్ ఆవిడ ఫోన్‌లో కొట్టి ఇచ్చింది నేనే.

“కంపెనీ వాళ్ల ప్రాబ్లమ్ ఆంటీ,” అన్నాను.

ఆవిడ గుమ్మంలోనే నా తలమీద చెయ్యి పెట్టి, “ప్రభువా, నా బిడ్డ ఇంట్ల నెట్ ఆపుతున్న దుష్టుని చేతులు కట్టెయ్యి తండ్రీ!” అని ప్రార్థించారు. ఆ చేతులే జోడించి నేను ఆమెన్ అన్నాను.

ఆవిడ కిందికి దిగగానే బ్లాక్ తీసేశాను. కాసేపటికి కింద నుంచి కేక: “వచ్చింది బిడ్డా, స్తోత్రం! ప్రభువు నా ప్రార్థన విన్నడని ఆదివారం ఫోన్లనే సంఘానికి సాక్ష్యం చెప్తా!”

ఆదివారం లోపు నిజం చెప్పాలి. మాట ఎలా మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. ఇది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, ఆవిడకు చూపించకండి. నా నోటితోనే వినాలి.