నూనె వేయని మిషన్

మా చిన్నమ్మను ఏ సంగతి ఎందుకని అడిగినా ఒకటే జవాబు: "నాకు నచ్చింది, గంతే."

జహీరాబాద్ బజారులో ఆమె కుట్టుమిషన్ కొన్ననాడు నేనూ వెంట ఉన్నాను. దుకాణం సేటు కొత్తగా వచ్చిన మిషన్ తొక్కి చూపించి, "జర ఇనుండ్రమ్మా, సప్పుడే రాదు," అన్నాడు. చిన్నమ్మ దాన్ని వదిలేసి, మూలనున్న పాత రకం మిషన్ మీద కాలు పెట్టింది. అది పక్క దుకాణాలకు కూడా వినపడేటట్టు టకటకలాడింది. ఆమె మొహం తేటపడింది.

"గింత సప్పుడు చేసేది ఎందుకు చిన్నమ్మా?" అన్నాను.

"నాకు నచ్చింది, గంతే."

అప్పటికే చిన్నాయన చెరుకు బండి మీదినుంచి పడి, నడుము విరిగి, లోపలి అర్రలో మంచాన ఉన్నాడు. చిన్నమ్మ వసారాలో కూర్చుని జాకెట్లు కుట్టేది. "జర నూనెన్న పొయ్యరాదా?" అని పక్కింటివాళ్లు విసుక్కున్నా విననట్టే తొక్కేది. పొయ్యి దగ్గరికి లేచిందంటే, మిషన్ ఆగినందుకు లోపలినుంచి కేక వచ్చేది.

"ఏడికి పోయినవే?"

"ఈడనే ఉన్న," అంటూ వచ్చి మళ్లీ తొక్కేది. ఆయన కళ్లు మూసుకునేవాడు. సేటు దుకాణంలో ఆమెకు నచ్చిందేమిటో నాకు అప్పుడు తెలిసింది.

చిన్నాయన పోయి, దినాలయ్యాక మళ్లీ వెళ్లాను. చిన్నమ్మ మిషన్‌కు సందుసందునా నూనె చుక్కలు వేస్తోంది.

"ఇగ సప్పుడు ఎవ్వలికి బిడ్డా," అంది.

కాసేపు తొక్కింది. మిషన్ మెత్తగా తిరిగింది. తర్వాత కాలు తీసి, అర్రవైపు తల తిప్పి కూర్చుంది.

లోపలినుంచి ఎవరూ పిలవలేదు.