రూతు అతికిన సగం

ఇరవై ఆరేళ్ళుగా ఈ మాటను మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రేపల్లెలో ఒక మగ్గాల షెడ్డులో అచ్చు అతికేదాన్ని. నేత పూర్తయ్యాక పాత పడుగు కొసల్ని మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా, వేళ్ళకు బూడిద అద్దుకుని, వాటికి మెలిపెట్టి కలపాలి. ఇద్దరం చెరో అంచు నుంచి మొదలుపెట్టి మధ్యలో కలుసుకుంటాం. అప్పటికి ఒక్క పోగు కూడా మిగలకూడదు. రెండో అంచున కూర్చునేది రూతు. చెరుకుపల్లి నుంచి బస్సులో వచ్చే పంతొమ్మిదేళ్ళ పిల్ల. పని నేర్పింది నేనే.

శ్రావణంలో ఒక శుక్రవారం. మధ్యకు వచ్చేసరికి పాత పోగు ఒకటి మిగిలింది. రూతు అన్నానికి వెళ్ళినప్పుడు వెతికాను. తప్పు నా సగంలో దొరికింది. ఒకే కొసకు రెండు పోగులు కలిపేశాను. అప్పటికే కొన్ని నెలలుగా సన్నపోగులు నాకు మసకగా కనిపిస్తున్నాయి. అది బయటపడితే నన్ను కండెలు చుట్టే పనికి దింపుతారు. అదొక్కటే భయమా? రూతు వేళ్ళు నా వేళ్ళకంటే చురుకని షెడ్డులో అందరూ అనుకోవడం కూడా నా మనసులో లేదా? ఉంది.

ఇంతలో తెనాలి నుంచి యజమాని వచ్చాడు. వెనకే రూతు.

"ఏంటమ్మాయ్, కళ్ళు పోగుల మీదున్నాయా, రోడ్డు మీదున్నాయా?" అన్నాడు రూతుతో, మిగిలిన పోగు చూసి.

"లేదండి, చూసుకునే అతికానండి." నా వైపు తిరిగింది. "పిన్నీ, నువ్వు చూశావా? నాదేనా?"

"చూశాను. నీదే."

"నువ్వు చూశావంటే ఇంక నాదేలే."

రేపటినుంచి రావద్దని ఆయన అంటే చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. ఆమె సగం సరిచేస్తున్నట్టుగా కూర్చుని, నా సగమే విప్పి మళ్ళీ అతికాను. ఎవరూ తిరిగి చూడలేదు. నేను చెప్పానంటే చాలు వాళ్ళకు.

తొమ్మిదేళ్ళ తరవాత పొన్నూరు బస్టాండులో రూతు కనిపించింది. రొయ్యలు వలిచే షెడ్డుకి వెళుతున్నానంది. కొడుకు చొక్కాకి బొత్తాలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టి, "సరిగ్గా ఉన్నాయా, చూడు పిన్నీ. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు" అంది నవ్వుతూ. సరిగ్గానే ఉన్నాయన్నాను. మిగతాది అప్పుడే ఎందుకు చెప్పలేకపోయాను? బస్సు వచ్చిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. బస్సు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది.

పోయిన ఏడాది రూతు చనిపోయింది. నాకు నెల తరవాత తెలిసింది.

ఇప్పుడు బాపట్లలో నేత నేర్చుకునే ఆడపిల్లలు నా దగ్గరికి వస్తారు. ఈ పనికి ఎలాంటివాళ్ళు సరిపోతారండీ అని మొన్న ఒకమ్మాయి అడిగింది. చిన్న తప్పును కూడా వదల్లేనివాళ్ళు అన్నాను. మంచి జవాబని రాసుకుంది.

క్షమించమని అడగడానికి మనిషి లేదు. మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. రూతు ఏ తప్పూ చేయలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. రాశాను.