ఏడో గది పెట్టలు, రోజుకో దోసెడు మేత

టీ ఆమె ఎప్పుడూ కూర్చుని తాగదు. గ్లాసు పట్టుకుని వంటగది నుంచి పెరటి గుమ్మం దాకా, అక్కడి నుంచి మళ్లీ వంటగదికి తిరుగుతూ తాగుతుంది. మంచం మీద కూర్చున్న అత్తగారు, "అమ్మాయ్, ఆ టీ కడుపులోకి పోతోందా, కాళ్లలోకి పోతోందా?" అని రోజూ అడుగుతుంది. ఆమె రోజూ ఓ నవ్వు నవ్వి, గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులేసుకుని బయల్దేరుతుంది.

వెళ్లేది కోళ్ల పరిశోధన కేంద్రానికి. అక్కడ కోళ్లకి మేత తూచి పెట్టడం ఆమె పని. పదహారేళ్లుగా అదే పని చేస్తూ ఉండడంతో ఆమె అసలు పేరు అందరూ మరిచిపోయి తూకాలక్క అనడం మొదలుపెట్టారు. ఒక్క గ్రాము తేడా వచ్చినా చిటికెడు తీసి, చిటికెడు వేసి, అంకె కుదిరేదాకా వదలదు. తూకాలక్క తూచిందంటే మళ్లీ చూడక్కర్లేదని పై అధికారులే అనేవారు.

ఆ ఏడాది కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. వయసులో తూకాలక్క కంటే చిన్నది. షెడ్డులో ఇనపజాలీలు అడ్డం పెట్టించి పన్నెండు గదులు చేయించింది. గదికి పన్నెండు పెట్టలు, మాంసం కోళ్ల జాతి. మొదటి ఆరు గదులకీ తిన్నంత మేత. ఏడో గది నుంచి పన్నెండో గది దాకా అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఏవి ఎంత త్వరగా పెరుగుతాయో, ఏవి ఎంతకాలం బతుకుతాయో రెండేళ్లు చూడాలి.

"సగం కడుపుకి పెడితే ఎక్కువ కాలం ఎలా బతుకుతాయి మేడమ్?" అని అడిగింది తూకాలక్క.

"మేతంటే ఒట్టి తిండే కాదక్కా, అదొక కబురు. కడుపు నిండా తింటే ఒంట్లో కణాలన్నిటికీ 'పెరగండి, పెరగండి' అని కబురెళ్తుంది. తక్కువైతే 'కొత్తది కట్టడం ఆపి, పాతది బాగుచేసుకోండి' అని వెళ్తుంది. ఈ జాతికి ఎదగడం తప్ప ఇంకోటి తెలీదు. దాని ఇష్టానికి వదిలేస్తే ఆ ఒంటిని కాళ్లూ మొయ్యలేవు, గుండే మొయ్యలేదు."

తూకాలక్క తలూపింది. మాట చెవిలోకి వెళ్లింది గానీ మనసులోకి దిగలేదు.

దిగనివ్వనిది ఏడో గది. ఆమె పుస్తకంలో అంకెలు రాసుకునే బల్ల సరిగ్గా దాని పక్కనే ఉండేది. తక్కువ మేత గదుల్లో తొట్టి పది నిమిషాల్లో ఖాళీ అయిపోయేది. ఆ తర్వాత పెట్టలు ఉత్త తొట్టిని టకటకా పొడిచేవి. నీళ్లు తాగిందే తాగేవి. చివరికి జాలీ వెంట ఆ మూల నుంచి ఈ మూలకి, ఈ మూల నుంచి ఆ మూలకి తిరగడం మొదలుపెట్టేవి. ఆ గోళ్ల చప్పుడు వింటూ రెండు వరసలు రాసేసరికి ఆమె కూడా లేచి నిలబడేది. తిన్నంత దొరికిన గదుల్లో కోళ్లు మాత్రం మెత్తల మీదున్నట్టు హాయిగా కూర్చుని ఉండేవి.

ఇంటికొస్తే అత్తగారు. "ఏం తల్లీ, ఇవాళ కూడా నోరులేని జీవాల కడుపు మాడ్చి వచ్చావా? తూకమేసి తిండి పెట్టే ఇల్లెక్కడైనా ఉంటుందా?" ముగ్గురు కొడుకుల్ని కొసరి కొసరి పెట్టి పెంచిన మనిషి. నవ్వుతూనే అనేది. తూకాలక్క చేతిలో ముద్ద మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

ఒకరోజు ఏడో గదికి తూచిన మేత వేశాక, బస్తాలోంచి ఒక దోసెడు తీసి మళ్లీ వేసింది. పుస్తకంలో మాత్రం మామూలు అంకే రాసింది. ఆ పూట గోళ్ల చప్పుడు కాస్త తగ్గింది. మర్నాడూ వేసింది. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉన్న గదులు ఏం పాపం చేశాయని ఆమె తనను తాను అడగలేదు. అవి దూరంగా ఉన్నాయి.

వారం వారం కోళ్లని తూచినప్పుడల్లా డాక్టరమ్మ నుదురు ముడిపడేది. ఏడో గది పెట్టలు తక్కువ మేత వేసే మిగిలిన అయిదు గదుల వాటికంటే బరువు. కాటా మార్చింది, నీళ్లు పరీక్ష చేయించింది, మేత బస్తాలు విప్పించింది. "నీ తూకం మీద నాకు అనుమానం లేదక్కా. అందుకే ఇంకా బుర్ర పనిచెయ్యట్లేదు," అంది ఒకరోజు. తూకాలక్క చేతిలోని పెట్టను ఎందుకో ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

తర్వాత హాయిగా కూర్చున్న కోళ్ల కథ బయటపడసాగింది. రెండో గదిలో ఒకటి వెల్లకిలా పడి చచ్చిపోయింది. కోసి చూస్తే గుండె ఉబ్బి, పొట్టంతా నీరు. అయిదో గదిలో మూడు కుంటడం మొదలుపెట్టాయి. అవి హాయిగా కూర్చున్నాయనుకుంది ఆమె. లేవలేక కూర్చున్నాయని అప్పుడు తెలిసింది.

పదకొండో వారంలో ఏడో గదిలోనూ ఒక పెట్ట బకెట్ చప్పుడుకి లేవలేదు. "ఏమేవ్, లే," అంటూ రెక్కల కింద చేతులు పెట్టి లేపింది. అది రెండడుగులు వేసి కూలబడింది. ఆ రోజు దోసెడు వెయ్యలేదు. మిగిలినవి జాలీ వెంట తిరుగుతుంటే, ఆమె బయట నడవాలో తిరిగింది. శుక్రవారం డాక్టరమ్మ తొలి నివేదిక పంపాలి. తక్కువ మేత కోళ్లు కూడా కుంటుతున్నాయని అందులో రాస్తుంది. అది అబద్ధమని తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే.

గురువారం మధ్యాహ్నం డాక్టరమ్మ గదికి వెళ్లింది.

"కూర్చో అక్కా."

"కూర్చోలేను మేడమ్. ఏడో గది గురించి మీరు బుర్ర పాడుచేసుకోకండి. దానికి నేనే ఎక్కువ పెడుతున్నా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఎంత?"

"దోసెడు."

"రోజూనా?"

"ఆదివారాలు కూడా."

డాక్టరమ్మ ఆమెను మేత గదికి తీసుకెళ్లి, కాటా ముందు నిలబెట్టి, పదిసార్లు దోసిలి నింపించింది. రెండొందల ఎనిమిది, రెండొందల పదకొండు, రెండొందల తొమ్మిది. పదిసార్లలో మూడు గ్రాములకి మించి తేడా లేదు.

"దొంగతనం కూడా తూకం తప్పకుండా చేశావే," అని నవ్వబోయింది డాక్టరమ్మ. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "పదకొండు వారాల పని పోయిందక్కా. ఆ గదిని ఇక తీసెయ్యాలి. చూడలేకపోతున్నానని ఒక్క మాట అంటే, కనీసం నీ బల్లైనా అవతలికి జరిపించేదాన్ని కదా."

ఆ సాయంత్రం విషయం విని అత్తగారు మంచం దిగి వంటగది గుమ్మం దాకా వచ్చింది. "నేనేదో ఊసుపోక అన్నాను గానీ," అంది.

"పెట్టింది నా చేతులత్తయ్యా," అంది ఆమె.

రెండేళ్లయ్యేసరికి తిన్నంత తిన్న గదుల్లో సగం కోళ్లు కూడా మిగల్లేదు. తక్కువ తిన్నవి చాలావరకు తిరుగుతూనే ఉన్నాయి. ఏడో గది ఊసు డాక్టరమ్మ నివేదికలో చివరి పేజీలో రెండు వాక్యాల్లో ఉంది. ఆ దోసెడు ఎవరు వేశారన్నది అందులో రాయలేదు.

తూకాలక్క ఇప్పుడు అదే కేంద్రంలో గుడ్ల గదిలో పనిచేస్తోంది. మేత గది తాళంచెవి డాక్టరమ్మ దగ్గరే ఉంటుంది.