డల్సీ నమ్మి ఇచ్చిన నారు

మొక్కల్ని గారాబం చేసేవాళ్లంటే నోలాకు చిరాకు. పిల్లలకైనా నారుకైనా చలిగాలి తగిలితేనే ఒళ్లు గట్టిపడుతుందని ఓట్‌లాండ్స్ ఊరందరికీ నీతులు చెప్పేది. అలాంటి మనిషికి పక్కింటి డల్సీ తన దగ్గర మిగిలిన డెల్ఫీనియం గింజలన్నీ అప్పజెప్పింది. అవి ఆమె పోయిన మొగుడు ఏళ్ల తరబడి ఏరి ఏరి తెచ్చుకున్న నీలం రంగు పూలవి. పాత మొక్కలు నిరుడు వేరు కుళ్లి పోయాయి. డల్సీకి చేతులు వణుకు. అంత సన్నటి గింజ ఆమె వేళ్లలో నిలవదు.

చలికాలమంతా నోలా వంటింటి కిటికీలో నారు పెంచింది. సెప్టెంబరులో అక్కడి వసంతం మొదలవగానే డల్సీ కంచె మీంచి చెప్పింది: "పగలు కాసేపు బయట నీడన పెట్టు, సాయంత్రం లోపలికి తెచ్చెయ్. వారం పాటు అలా తిప్పాకే నేలలో పెట్టు."

"ఏటేటా మంచుని తట్టుకుని లేచే మొక్క, దానికి ఉయ్యాల ఊపాలా?"

"ఇది మంచుని ఎక్కడ చూసిందీ? నీ పొయ్యి వెచ్చదనం తప్ప."

నోలా నవ్వేసింది. ఎండ బాగా కాసిన రోజు చూసి నారంతా ఒకేసారి మడిలో నాటేసింది. మధ్యాహ్నానికి ఆకులు తెల్లబారాయి. మిగతా పని తెల్లవారుజాము మంచు పూర్తిచేసింది. మొక్కలు ఉడికిన పాలకూరలా నేలకు అతుక్కుపోయాయి.

నోలా వాటిమీద బకెట్లు బోర్లించింది.

"ఇంత ఎండలో బకెట్లెందుకే?" అంటూ డల్సీ రానే వచ్చింది.

"గాలి ఎక్కువగా ఉందనీ..."

డల్సీ ఒకటి ఎత్తి చూసింది. ఇంకొకటి ఎత్తింది. మూడోది ఎత్తలేదు. "అవును, గాలి ఎక్కువే" అని రెంటినీ మళ్లీ బోర్లించి వెళ్లిపోయింది.

ఆదివారం చర్చి హాల్లో టీ దగ్గర ఎవరో నారు సంగతి అడిగారు. "గింజ పాతబడింది, మొలవలేదు" అంది డల్సీ. ఒకావిడ నోలా చెయ్యి నిమిరి, "పాపం, నీ శ్రమంతా వృథా" అంది. ఆ నిమురుడు నోలా భరించలేకపోయింది.

"అన్నీ మొలిచాయి. చంపింది నేను. డల్సీ వద్దన్న పనే చేశాను."

నిజం చెబితే గుండె తేలికవుతుందంటారు. ఆ మాటన్నవాడెవడో పొరుగింటి మొక్కలు చంపి ఉండడు.

డల్సీ కప్పు కింద పెట్టింది. "ఒకసారి చూశాను, చాలదూ? ఇప్పుడు అందరి ముందూ మళ్లీ చూపించాలా? నీ మనసు కడుక్కోవడానికి నేనే దొరికానా?"

డల్సీ లేచి బయటికి నడిచింది. ఇద్దరి ఇళ్లకూ ఒకటే దారి. డల్సీ మలుపు దాటి కనుమరుగయ్యేదాకా నోలా హాలు వంటగదిలో నిలబడి, ఎవరో అప్పటికే కడిగిపెట్టిన కప్పుల్ని మళ్లీ కడిగింది.