తడి గోనెపట్ట చుట్టిన తుపాకి

గుంతకల్లులో ఒక చిన్న రైఫిల్ క్లబ్బు ఉండేది. అక్కడ తుపాకులు చూసుకునే మనిషిని అందరూ వెనకాల ‘చల్లారనీ ముత్యాలప్ప’ అనేవారు. ఐదు గుండ్లు కాలిస్తే చాలు, ఎంతటివాడి చేతిలోంచైనా తుపాకి లాక్కుని, బోల్టు తెరిచి నీడలో నిలబెట్టేవాడు. గొట్టం మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టగలిగితేనే తిరిగి ఇచ్చేది.

“గుండు పోయే దారి లోపల కాలిపోతాదప్పా. కాలిన గొట్టం గురి నిలపదు” అని కసిరేవాడు. ఊళ్ళో పెద్ద భూస్వామి అయినా సరే, బీడీ ముట్టించుకుని కూర్చోవలసిందే.

అంత మొండిమనిషీ సోమప్ప దగ్గర మెత్తబడ్డాడు. సోమప్ప రైలింజనులో ఫైర్‌మన్. రాత్రంతా బొగ్గేసి వచ్చినా అతని చెయ్యి వణికేది కాదు. 1978 ఎండాకాలం. హైదరాబాదులో పోటీలు ఇంకో నెలలో ఉన్నాయి. డ్యూటీల మధ్య అతనికి గంట దొరకడమే గగనం, అందులో ఐదుకోసారి ఆగితే ఇంకేం సాధన?

“అన్నా, ఇంజన్లో మేము నీళ్ళ డబ్బాకు తడి గోనెపట్ట చుడతాం. ఎండలో కూడా చల్లగా ఉంటాయి నీళ్ళు. దీనికీ చుడదాం” అన్నాడు సోమప్ప.

పైన తడి లోపలి మంటను ఆర్పదని ముత్యాలప్పకు తెలుసు. తెలిసీ గోనెపట్ట తానే తడిపాడు. తమ క్లబ్బుకు ఒక్క కప్పు అయినా రావాలన్న ఆశ అతనితో ఆ పని చేయించింది. సోమప్ప ఆగకుండా కాలుస్తుంటే నెలంతా ఆ పట్ట మీంచి ఆవిరి లేస్తూనే ఉంది.

పోటీలో సోమప్ప గుండ్లు తలా ఒక దిక్కు పోయాయి. తర్వాత గొట్టం తుడుస్తుంటే లోపల గుడ్డ గరుగ్గా పట్టుకుంది. ముత్యాలప్పకు అంతా అర్థమైంది.

“నా కన్ను పోయిందన్నా” అన్నాడు సోమప్ప, తిరుగు రైల్లో.

పోయింది నీ కన్ను కాదని చెప్పడానికి ముత్యాలప్ప నోరు తెరిచాడు. చెబితే తన ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. నోరు మూసుకున్నాడు. ఎంత పిరికి పని!

ఆ ఏడే సోమప్పకు డ్రైవరుగా ప్రమోషన్ వచ్చింది. కన్ను భేషుగ్గా ఉందని డాక్టరు చెప్పినా అతను నమ్మలేదు.

“డాక్టరు మొహమాటానికి చెప్తాడు. తుపాకికేం మొహమాటమన్నా? సిగ్నలు కనపడనోడు అంతమందిని ఎట్ల తీసకపోతాడు?” అన్నాడు. ప్రమోషన్ వద్దని రాసిచ్చి, షెడ్డులో ఇంజన్లు కడిగే పనికి వెళ్ళిపోయాడు. ముత్యాలప్ప అప్పుడూ నిజం దాచాడు. షెడ్డు ముందు నుంచి నడవడం మాత్రం మానేశాడు.

పదేళ్ళకు ఆ తుపాకి పనికిరాదని క్లబ్బువాళ్ళు పక్కన పెట్టేశారు. ఆ రోజు ముత్యాలప్ప కబురు పెట్టి మరీ సోమప్పను పిలిపించాడు. బోల్టు తీసి, తుపాకిని అతని చేతిలో పెట్టాడు.

“తప్పు నాది సోమప్పా. గొట్టం కాలిపోయింది. నాకు ఆ పొద్దే తెలుసు. ఎనక నుంచి చూడు.”

సోమప్ప గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి చాలాసేపు చూశాడు.

“ఎండిన చెరువులో మాదిరి నెర్రెలుండాయి. వెంట్రుక కన్నా సన్నం” అన్నాడు. తుపాకి ఇంకా దించలేదు. “ఎంత బాగా కనపడతాండాయన్నా నాకు.”