జరగని పోలింగు గురించి మల్లమ్మ చెప్పిన జవాబు

నేను దయ్యాలనూ, సోదెనూ నమ్మే మనిషిని కాను. బతుకంతా రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పాను. నా పరిశోధన మొత్తం ఎన్నికల మీదే. కంటికి కనపడేదీ, మనుషులను అడిగి తెలుసుకోగలిగేదీ తప్ప మరొకటి కాగితం మీద పెట్టలేదు. దయ్యాలకు ఓటు హక్కు లేదు కాబట్టి వాటితో నాకు పనిలేదని క్లాసులో హాస్యమాడేవాణ్ణి. ఈ సంగతి చెబితే పిల్లలు ఆ హాస్యాన్ని నా మీదికే తిప్పుతారని ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల తొలినాళ్ల మాట. గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాదులో ఒక కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. పిహెచ్‌డీకి పంచాయతీ ఎన్నికలను తీసుకున్నాను. ఇప్పుడు అద్దాల మేడలున్న నానక్‌రామ్‌గూడ దాటితే అప్పట్లో అన్నీ గుట్టలు, సీతాఫలం పొదలు, జొన్న చేలు. వాటి మధ్య ఒక చిన్న ఊరు. పేరు చెప్పను, ఆ కుటుంబాలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి.

ఆ ఊరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ సర్పంచ్ ఎప్పుడూ ఏకగ్రీవమే. పెద్దలు కూర్చుని ఒక పేరు అనుకునేవారు, మిగతావాళ్లు తలూపేవారు. ఈసారి అన్నదమ్ముల బిడ్డలిద్దరు పంతం పట్టి పోటీకి దిగారు. ఆ ఊళ్లో ఓట్ల డబ్బా పెట్టడం అదే మొదటిసారి. అసెంబ్లీ ఎన్నికలకైతే వాళ్లు పక్క ఊరికి నడిచి వెళ్లేవారు.

మా పని పద్ధతి ఇదీ. పోలింగుకు ముందు అడగాల్సిన ప్రశ్నలు ఒక కట్ట, తర్వాత అడగాల్సినవి ఇంకో కట్ట. రెండూ సైక్లోస్టైల్ చేయించి సంచిలో వేసుకుని సైకిలు మీద తిరిగేవాణ్ణి. పోలింగు ఇంకా వారం ఉందనగా, మల్లమ్మ అనే పెద్దావిడ ఇంటి అరుగు మీద కూర్చుని రెండో కట్ట బయటికి తీశాను. ఎండకు తల దిమ్మెక్కి ఉంది, చూసుకోలేదు. “ఓటు ఎక్కడ వేశారమ్మా?” అని అడిగేశాను.

ఆవిడ బియ్యం చెరుగుతూ, తడుముకోకుండా చెప్పింది.

“బడి కాడ్నే సారూ. గోడ కూలిపాయె గద, ఆడోళ్లమంత యాపచెట్టు కింద నిలవడ్డం. మా కోడలు గూడ ఆడ్నే ఉండె. ఎవలకు ఏం గాలే.”

తర్వాతి ప్రశ్న సగం చదివాక గానీ నా పొరపాటు నాకు తెలియలేదు. నవ్వొచ్చింది. పోలింగు వచ్చేవారం కదమ్మా అన్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి, నన్ను వింతగా చూసి, లోపలి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వడదెబ్బ తగిలిందనుకుందేమో. జరగని పోలింగుకు జవాబు లెక్కలోకి రాదు కనుక నేనేమీ రాసుకోలేదు. ఒకటి మాత్రం చెప్పాలి. అప్పటికి నేను ఆ ఊరి బడిని చూడనే లేదు.

తర్వాత రెండు మూడు రోజులు వానలు పడ్డాయి. పోలింగు నాడు తెరిపిచ్చి ఎండ కాసింది. బడి ముందుకు వెళ్లేసరికి మల్లమ్మ జవాబు గుర్తొచ్చింది. మట్టి ప్రహరీ గోడ. దాని నీడన ఆడవాళ్ల వరుస. ఆవరణకు అవతలి పక్క వేపచెట్టు. గోడ నిటారుగానే ఉంది, పగుళ్లేమీ కనపడలేదు.

నేను చూడడానికి వచ్చినవాణ్ణి. దేనిలోనూ వేలు పెట్టొద్దని మా గైడు మరీ మరీ చెప్పారు. నాకిచ్చిన అనుమతికి కూడా అదే షరతు. గొడవైతే అనుమతి పోతుంది, దాంతోపాటు థీసిస్సూ పోతుంది. ముసలావిడ మాట పట్టుకుని చదువుకున్నవాడివి ఇదేం పిచ్చి అని నన్ను నేనే కసురుకున్నాను.

అంతలో మల్లమ్మ కోడలు వచ్చింది. నెలలు నిండిన మనిషి. వరుస చివర, ఆ గోడకే వీపు ఆనించి కూర్చుంది. ఇక నా వల్ల కాలేదు.

వరుసను చెట్టు కిందికి మార్చమని పోలింగు అధికారిని అడిగాను. కారణం ఏమని చెప్పను? అక్కడ గాలి బాగా వస్తుందండీ అన్నాను. ఆయన విసుక్కున్నాడు. నేనే వెళ్లి ఆడవాళ్లను బతిమాలాను. “ఏందమ్మా ఈ సారు లొల్లి” అని ఒకావిడ నవ్వింది. కోడలు మాత్రం మారు మాట్లాడకుండా లేచి నడిచింది. ఆ పిల్ల లేచాక మిగతావాళ్లూ గొణుక్కుంటూ కదిలారు. నేను అవతలి అభ్యర్థి మనిషినని ఇద్దరి తరఫు వాళ్లూ కేకలు పెట్టారు. పోలీసు వచ్చి నా రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. తల కొట్టేసినట్టయింది. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను.

ఇంకా ఆవరణ దాటలేదు. వెనక పెద్ద బస్తా జారవిడిచినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే గోడ లేదు, దుమ్ము లేస్తోంది. ఆడవాళ్లందరూ చెట్టు కింద నిలబడి అటే చూస్తున్నారు. పోలీసు నా రెక్క వదిలేశాడు. అక్కడే కూలబడ్డాను. ఏడ్చాను కూడా. హమ్మయ్య అనే మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది.

తర్వాత సరైన కట్ట తీసుకుని మల్లమ్మ ఇంటికి వెళ్లాను. మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. నేను దణ్ణం పెట్టి, ముందుగా చెప్పి ఇంతమందిని కాపాడారమ్మా అన్నాను. ఆవిడ నోరు వెళ్లబెట్టింది.

“నేనేడ చెప్పిన సారూ? నువ్వే చెప్తివి గద. ఈ అరుగు మీదనే కూసుండి, బడి గోడ కూలింది, ఎవలకు ఏం గాలేదని నువ్వే అంటివి. గా మాట మీదనే ఫికర్ లేకుండ కోడల్ని పంపిన. సారు వచ్చి లెవ్వమంటె లెవ్వు అని గూడ చెప్పిన.”

నేను అనలేదు. నేను అడిగింది ప్రశ్న మాత్రమే. ఆవిడకు అబద్ధమాడాల్సిన పనీ లేదు.

నా అనుమతి పోలేదు. థీసిస్ పూర్తయింది, ప్రొఫెసర్ననిపించుకుని రిటైరయ్యాను. ఆ జవాబు మాత్రం ఏ పేజీలోనూ లేదు. నానిన మట్టిగోడ కూలడంలో వింత లేదని నాకూ తెలుసు. తలుచుకుంటే భయం కూడా వేయదు, ఇప్పటికీ గుండె తేలికపడుతుంది. నా మాట నమ్మి ఆవిడ కోడల్ని పంపింది. ఆవిడ మాట నమ్మి నేను వరుసను కదిపాను. ఆ మాట ముందు అన్నది ఎవరో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.